పదహారేళ్ల చెవికి ఇనుప మోత ఎందుకు నచ్చుతుంది?

టీనేజ్‌లో మనసుకు పట్టిన బ్యాండ్ ఓ పట్టాన వదలదన్న సంగతి సంగీతం ఇష్టపడే వాళ్లందరికీ అనుభవమే. తీయటి గొంతో, హుషారైన పాటో అలా పట్టుకుందంటే అందులో వింతేమీ లేదు. కానీ యంత్రాల రొదను, చెవిని గీరే గిటార్లను, గొంతు చించుకున్న అరుపులను ఏరికోరి పోగుచేసుకున్న ఇండస్ట్రియల్ రాక్ పదిహేను పదహారేళ్ల పిల్లలకు ప్రాణసమానం ఎలా అవుతుందన్నది అంత తేలిగ్గా తెమిలే ప్రశ్న కాదు. ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని వయసు తెచ్చిన తిరుగుబాటు అని తీసిపారేస్తారు. అభిమానులేమో అది మాటల్లో చెప్పేది కాదని తప్పుకుంటారు. ఈ రెండు జవాబులూ నాకు సరిపోవు. ఆ రొద వెనక ఎంతో ఓపికగా, కొలిచి కట్టిన సంగీతం ఉంది. దాన్ని చాలాసార్లు ఒక మనిషి ఒంటరిగా కూర్చుని కట్టాడు. వినేవాళ్లు కూడా గది తలుపు వేసుకుని ఒంటరిగా వినే వయసులోనే ఉంటారు. ఈ మూడూ కలిసే చోటే అసలు విషయం ఉందని నా నమ్మకం.

దీన్ని విడమరచి చూడటానికి నైన్ ఇంచ్ నెయిల్స్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. 1988లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో మొదలైన ఈ బృందం పేరుకు బ్యాండే గానీ, వేదిక మీద వాయించేవాళ్లు ఎంతమంది మారినా, అధికారికంగా దాని సభ్యుడు చాలా ఏళ్లపాటు ఒక్కడే. అతని పేరు ట్రెంట్ రెజ్నర్. 2016లో అట్టికస్ రాస్ చేరేదాకా రెండో సభ్యుడే లేడు. 1990ల అమెరికాలో టీనేజ్ గడిపిన ఒక తరానికి ఇండస్ట్రియల్ రాక్ అనగానే ముందుగా గుర్తుకొచ్చేది ఇతనే. అయితే అతను ఈ సంగీతాన్ని కనిపెట్టలేదు. అప్పటికే పదేళ్లకు పైగా ఎక్కడెక్కడో మూలల్లో సాగుతున్న ఒక ధోరణిని పాటల రూపంలోకి తెచ్చి, వాకిట్లో పెట్టాడు. అందువల్ల ఆ వాకిలి వెనక ఏముందో ముందు తెలుసుకోవాలి.

రొదను సంగీతంగా వినాలన్న ఆలోచన పాతదే. ఇటలీకి చెందిన లుయీజి రుస్సోలో 1913లోనే యంత్రయుగపు శబ్దాలను సంగీతంలోకి తేవాలని ఒక ప్రకటన రాసి, అందుకోసం ప్రత్యేకంగా వాయిద్యాలు కూడా తయారుచేశాడు. అయితే ఇప్పుడు మనం వాడుతున్న పేరు 1976లో వచ్చింది. థ్రాబింగ్ గ్రిసిల్ అనే నలుగురి బృందం లండన్‌లో ఇండస్ట్రియల్ రికార్డ్స్ పేరుతో సొంత లేబుల్, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థ, పెట్టుకుంది. అదే ఏడాది అక్టోబరులో ఆ బృందంతో సంబంధమున్న ఒక కళా ప్రదర్శన లండన్‌లో ఎంత గగ్గోలు రేపిందంటే, నికొలస్ ఫెయిర్‌బైర్న్ అనే పార్లమెంటు సభ్యుడు వాళ్లను నాగరికతను కూలదోసేవాళ్లని తిట్టాడు. ఉక్కు కర్మాగారాల ఊరైన షెఫీల్డ్‌లో క్యాబరే వోల్టేర్ అంతకు మూడేళ్ల ముందే టేపు ముక్కలతో ప్రయోగాలు మొదలుపెట్టింది. 1980లో పశ్చిమ బెర్లిన్‌లో ఐన్‌స్ట్యుర్జెండె నాయ్‌బౌటెన్ ఇనుప రేకులను, డ్రిల్లింగ్ మెషిన్లను వేదిక మీదికే ఎక్కించింది. వీళ్లెవరికీ పల్లవి, చరణం అవసరం లేదు. వినేవాళ్లను అలరించడం కన్నా కలవరపెట్టడమే వాళ్ల ఉద్దేశం. ఇవాళ విన్నా ఆ రికార్డులు చాలామందికి కొరుకుడు పడవు.

ఆ కొరుకుడు పడని సరుకు 1980లలో మెల్లగా మెత్తబడింది. బెల్జియంలో ఫ్రంట్ 242, కెనడాలోని వాంకూవర్‌లో స్కిన్నీ పపీ దానికి డ్యాన్స్ ఫ్లోర్ మీద అడుగులు వేయించే లయను జోడించాయి. షికాగోలో జిమ్ నాష్, డానీ ఫ్లెషర్ నడిపిన వ్యాక్స్ ట్రాక్స్ అనే రికార్డుల దుకాణం లేబుల్‌గా కూడా మారి, యూరప్ బృందాల రికార్డులను అమెరికాకు పరిచయం చేసింది. అదే ఊళ్లో ఆల్ జోర్గెన్సన్ తన మినిస్ట్రీ బృందంతో 1988 నాటికి మెటల్ గిటార్లను తెచ్చి, ఒకే వరసను యంత్రం తిప్పితిప్పి వాయిస్తున్నట్టుగా కూర్చాడు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో గాడ్‌ఫ్లెష్ డ్రమ్మర్ బదులు డ్రమ్ మెషిన్ పెట్టుకుని, దానిమీద బండరాళ్ల లాంటి గిటార్లను దొర్లించింది. రెజ్నర్ అడుగుపెట్టేసరికి పనిముట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. లోపించింది ఒక్కటే. ఆ రొద మధ్యలో నిలబడి, నాకు నొప్పిగా ఉందని తన మాటగా చెప్పుకునే మనిషి.

రెజ్నర్ 1965లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టి, మెర్సర్ అనే చిన్న ఊళ్లో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగాడు. చిన్నతనం నుంచీ పియానో నేర్చుకున్నాడు. కాలేజీలో కంప్యూటర్ ఇంజినీరింగ్ చేరి, ఏడాదికే వదిలేసి క్లీవ్‌లాండ్ వెళ్లాడు. అక్కడ రైట్ ట్రాక్ అనే స్టూడియోలో సహాయకుడిగా, ఊడ్చి తుడిచే పనివాడిగా కుదిరాడు. స్టూడియో ఖాళీగా ఉన్న సమయాల్లో సొంత పాటలు రికార్డు చేసుకోవడానికి యజమాని ఒప్పుకున్నాడు. తను ఊహించుకున్నట్టు వాయించే బృందం దొరకకపోవడంతో, అన్ని వాయిద్యాలనూ ఒంటిచేత్తో వాయించి రికార్డు చేసే అమెరికన్ గాయకుడు ప్రిన్స్‌ను ఆదర్శంగా పెట్టుకుని, దాదాపు అంతా తానే చేసుకున్నాడు. అతని చేతిలో ఉన్నవి ఒక మెకింటాష్ కంప్యూటర్, ఒక ఈమాక్స్ శాంప్లర్, కరెంటుతో శబ్దాలు పుట్టించే కొన్ని సింథసైజర్లు. శాంప్లర్ అంటే ఏ శబ్దాన్నైనా చిన్న ముక్కగా పట్టుకుని, కీబోర్డు మెట్ల మీద పరిచి, కావలసిన శ్రుతిలో వాయించుకోనిచ్చే యంత్రం. తలుపు మూసిన చప్పుడైనా, ఎవరో ఊపిరి తీసుకున్న శబ్దమైనా దానికి స్వరమే. అలా తయారైన ప్రెటీ హేట్ మెషిన్ 1989 అక్టోబరులో ఒక స్వతంత్ర లేబుల్ ద్వారా విడుదలై, నెమ్మదిగా, చెవిన పడ్డవాళ్లు మరొకరి చెవిన వేస్తూ పోవడం వల్ల, పది లక్షల ప్రతుల మైలురాయి దాటింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ ఆల్బమ్‌లోని పాటలను పియానో మీద వాయించి చూస్తే రొద అంతా ఊడిపోయి, కింద చక్కటి పాప్ పాట మిగులుతుంది. హమ్ చేసుకోగలిగిన వరస ఉంటుంది, తిరిగి తిరిగి వచ్చే పల్లవి ఉంటుంది. టీనేజ్ పిల్లల చెవి అప్పటిదాకా విన్నది పాటలే కనుక, ముందు పట్టుకునేది ఆ వరసనే. దాన్ని పట్టుకుని లోపలికి వెళ్లాక, చుట్టూ ఉన్న గరుకు శబ్దాలు అలవాటవుతాయి, ఆ తర్వాత అవే ఇష్టమవుతాయి. థ్రాబింగ్ గ్రిసిల్‌తో మొదలుపెట్టిన పదహారేళ్లవాళ్లు ఎక్కడో ఒకరుంటారు. నైన్ ఇంచ్ నెయిల్స్‌తో మొదలుపెట్టి థ్రాబింగ్ గ్రిసిల్ దాకా వెళ్లినవాళ్లు లెక్కలేనంతమంది.

మరి ఆ గరుకుదనం చెవికి ఏం చేస్తుంది? గిటార్ నుంచి వచ్చే సంకేతాన్ని యాంప్లిఫయర్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ బలంతో పంపితే, తరంగపు కొసలు తెగి చదునవుతాయి. అలా తెగినప్పుడు అసలు స్వరంలో లేని కొత్త హార్మోనిక్స్, అంటే దాని మీద పలికే పై స్వరాలు, బోలెడన్ని పుట్టుకొస్తాయి. డిస్టార్షన్ అనేది ఇదే. రెజ్నర్ దీన్ని గిటార్లతో ఆపలేదు. డ్రమ్ములకు, సింథసైజర్లకు, చివరికి తన గొంతుకు కూడా పట్టించాడు. మనిషి కేకలో ధ్వని తీవ్రత సెకనుకు 30 నుంచి 150 సార్ల దాకా ఎగసిపడుతుందని, ఆ గరుకుదనమే మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగాన్ని తట్టిలేపుతుందని 2015లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అలాంటి గరుకుదనం నిండిన శబ్దం చెవిన పడ్డప్పుడు ఒళ్లు ఉలిక్కిపడటం సహజమే. అయితే ఆ ఉలికిపాటు కచ్చితమైన లయలో, ఒక క్రమం ప్రకారం వస్తుంటే, ప్రమాదమేమీ లేదని మనసుకు తెలుస్తుంటుంది. భయం ఉంటుంది, కానీ పగ్గాలు మన చేతుల్లోనే ఉంటాయి. ఒంట్లోనూ ఇంట్లోనూ తన అదుపులో లేని మార్పులు జరుగుతున్న వయసులో ఈ అనుభవం ఎంత విలువైనదో, ఆ వయసు దాటినవాళ్లు త్వరగా మరిచిపోతారు.

1994 మార్చిలో వచ్చిన ది డౌన్‌వర్డ్ స్పైరల్ ఈ పనితనానికి పరాకాష్ఠ. అందులో మార్చ్ ఆఫ్ ది పిగ్స్ అనే పాట మూడు నిమిషాలు కూడా ఉండదు. మొదటిసారి వింటే ఎవరో పిచ్చెత్తి బాదుతున్నట్టే ఉంటుంది. రెండుమూడు సార్లు వేళ్ల మీద లెక్కపెడితే సంగతి తెలుస్తుంది: ఏడు, ఏడు, ఏడు, ఆ తర్వాత ఎనిమిది, మొత్తం 29 అక్షరాలకు ఒక ఆవర్తం. మిశ్రచాపు తాళానికి అలవాటుపడ్డ మన చెవులకు ఏడు లెక్క కొత్తది కాదు గానీ, నాలుగోసారి ఒక అక్షరం ఎక్కువ పడేసరికి ఎవరికైనా కాలు తడబడుతుంది. ఆ తడబాటు కోసమే దాన్ని అలా కట్టారు. పాట తారస్థాయికి చేరాక ఉన్నట్టుండి అంతా ఆగిపోయి, ఒక పియానో, ఒక మామూలు గొంతు మాత్రం మిగులుతాయి. ఇంతలోనే మళ్లీ రొద విరుచుకుపడుతుంది. ఇలా కట్టిన పాటను ఆవేశం తప్ప ఏమీ లేని అరుపుగా కొట్టిపారేయడం అన్యాయం. అదే ఆల్బమ్‌లోని క్లోజర్ పాటకు ఆధారమైన డ్రమ్ శబ్దం 1977 నాటి ఇగ్గీ పాప్ పాట నుంచి తీసుకుని, మార్చి వాడింది. ఆ పాట ఉన్న ఇగ్గీ పాప్ ఆల్బమ్‌కు నిర్మాత బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ. రెజ్నర్ ఆరాధించిన మనిషి అతనే.

ఇక వయసు సంగతి. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసుకుంటే పదేళ్ల నుంచి ముప్పయ్యేళ్ల లోపు జరిగినవే ఎక్కువగా, స్పష్టంగా గుర్తుకొస్తాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. మొదటిసారి జరిగేవి అన్నీ అప్పుడే జరగడం, నేనెవరినన్న ప్రశ్నకు జవాబు అప్పుడే కుదురుకోవడం దీనికి కారణాలుగా చూపుతారు. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు వేర్వేరు కాలాల పాటలు వినిపించి చూస్తే, వినేవాళ్లకు తమ 23, 24 ఏళ్ల వయసులో జనాదరణ పొందిన పాటలే అన్నింటికన్నా నచ్చాయి. అంటే ఇష్టం గడ్డకట్టే కాలం టీనేజ్‌తో ముగిసిపోదు. కానీ ఆ అధ్యయనం కొలిచింది నచ్చడాన్ని. ఒక బ్యాండ్‌ను తనదిగా చేసుకోవడం వేరు. నచ్చిన పాటలు మనకు వందలుంటాయి. నోటు పుస్తకం అట్ట మీద గుర్తు గీసుకునేది ఒకటో రెండో బ్యాండ్ల కోసమే. ఒక చిన్న చదరంలో రెండు ఎన్ అక్షరాలు, మధ్యలో ఐ, రెండో ఎన్ తిరగేసి ఉండే ఆ గుర్తును ఎవరి సాయమూ లేకుండా చేత్తో గీయవచ్చు. తన ఊళ్లో, తన తరగతిలో మరొకరికి తెలియని బ్యాండ్ అయితే ఆ గుర్తుకు ఇంకా బలం. తెలిసినవాళ్లు ఎదురైతే మాట కలపడానికి అదొక్కటి చాలు.

కోపం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇలాంటి పాటలు పిల్లల్లో కోపాన్ని పెంచుతాయన్న అనుమానం ఎప్పటి నుంచో ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇలాంటి తీవ్రమైన సంగీతాన్ని ఇష్టంగా వినే 39 మందికి ముందు కోపం తెప్పించి, ఆ తర్వాత కొందరికి వాళ్ల పాటలు పెట్టి, మిగతావాళ్లను నిశ్శబ్దంగా కూర్చోబెట్టారు. పాటలు విన్నవాళ్ల గుండె వేగం తగ్గలేదు గానీ, చిరాకు, పగ మాత్రం నిశ్శబ్దంగా కూర్చున్నవాళ్లతో సమానంగా తగ్గాయి; పైగా ఉత్సాహం పెరిగింది. ఇది చిన్న అధ్యయనం, పాల్గొన్నవాళ్లు 18 ఏళ్లు దాటినవాళ్లు, అప్పటికే ఆ సంగీతం ఇష్టపడేవాళ్లు. దీన్ని పట్టుకుని ఇండస్ట్రియల్ రాక్ మందులా పనిచేస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ అది నిప్పు మీద నెయ్యి పోయడమేనన్న వాదానికి మాత్రం ఇందులో ఆధారం దొరకదు.

సంగీతమూ సిద్ధంగా ఉంది, వయసూ సిద్ధంగా ఉంది. రెండూ కలిసింది ఎలా? 1990ల మొదట్లో అమెరికన్ రేడియోలో ఇలాంటివి పగటిపూట వినబడేవి కావు. ఎంటీవీలో ఆదివారం అర్ధరాత్రి వచ్చే 120 మినిట్స్ కార్యక్రమం ఒక దారి. 1991లో మొదలైన, ఊరూరా తిరిగే లొల్లపలూజా సంగీతోత్సవ యాత్ర ఇంకో దారి. దాని మొదటి విడతలోనే నైన్ ఇంచ్ నెయిల్స్ ఊరూరా వాయించింది. 1994 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో వర్షానికి తడిసిన నేలలో పడి, ఒళ్లంతా బురదతో వేదికెక్కిన ఆ బృందాన్ని టీవీలో చూసినవాళ్లు, పాట అర్థం కాకపోయినా ఆ రూపాన్ని మరిచిపోలేదు. అదే ఏడాది వచ్చిన ది క్రో, నేచురల్ బార్న్ కిల్లర్స్ సినిమాల సౌండ్‌ట్రాక్ సీడీల ద్వారా ఇంకెంతోమందికి పరిచయమైంది. సినిమా కోసం సీడీ కొన్నవాళ్లకు అందులోని పది పన్నెండు కొత్త బృందాల పేర్లు ఉచితంగా దొరికేవి.

వీటన్నింటికన్నా విచిత్రమైన దారి ఒక కంప్యూటర్ గేమ్. 1996లో విడుదలైన క్వేక్‌కు సంగీతం, శబ్దాలు రెజ్నర్ సమకూర్చాడు. అందులో మేకులు పేల్చే తుపాకీ ఒకటి ఉంటుంది. దాని తూటాల పెట్టె మీద నైన్ ఇంచ్ నెయిల్స్ గుర్తు ముద్రించి ఉంటుంది. ఆటలోని సంగీతాన్ని సీడీలో మామూలు ఆడియో ట్రాకులుగా పెట్టడం వల్ల, ఆ డిస్కును టేప్‌రికార్డర్ పక్కనుండే సీడీ ప్లేయర్‌లో వేసినా రెండో ట్రాకు నుంచి పాటలు వినబడేవి. మన దగ్గర కంప్యూటర్ సెంటర్లలో, కాలేజీ ల్యాబుల్లో ఆ ఆటను ఒక హార్డ్ డిస్కు నుంచి ఇంకో దానికి కాపీ చేసుకుని ఆడినవాళ్లు నా తరంలో చాలామంది ఉన్నారు. కాపీలో ఆట ఫైళ్లు వచ్చేవి గానీ ఆడియో ట్రాకులు వచ్చేవి కావు. అందుచేత మేకుల పెట్టె మీది గుర్తును రోజూ చూస్తూ కూడా, అది ఒక బ్యాండ్ గుర్తని తెలియకుండా, సంగీతమే లేని ఆటను ఆడినవాళ్లం మనలో ఎంతోమందిమి. అసలు సీడీ దొరికిన నాడు ఆ చీకటి గదులకు వెనక గుసగుసలు, మూలుగులు, లోహపు రాపిడి ఉన్నాయని తెలిసి, అదే ఆట వేరే ఆటయింది.

బ్యాండ్ దొరికాక అసలు వెతుకులాట మొదలవుతుంది. దానికి తగ్గట్టే రెజ్నర్ తన విడుదలలకు వరసగా హేలో అంకెలు వేస్తూ వచ్చాడు. ప్రెటీ హేట్ మెషిన్ హేలో 2, ది డౌన్‌వర్డ్ స్పైరల్ హేలో 8. చేతిలో రెండో అంకె, ఎనిమిదో అంకె ఉన్న పిల్లలు మధ్యలో ఉన్నవేమిటో తెలుసుకోకుండా ఊరుకోలేరు. 1992 నాటి బ్రోకెన్ మరీ చిత్రమైనది. ఆరు పాటలు అయిపోయాక ప్లేయర్ మీద అంకె ఏడు, ఎనిమిది, తొమ్మిది అంటూ శబ్దమేమీ లేకుండా పరుగెడుతుంది. ఆపకుండా చూస్తూ కూర్చున్నవాళ్లకు 98, 99 అంకెల దగ్గర ఇంకో రెండు పాటలు దొరుకుతాయి. వాటిలో ఒకటి ఆడమ్ యాంట్ పాటకు రెజ్నర్ రూపం. ఓపిక పట్టినవాళ్లకే దక్కే ఈ ఏర్పాటు పుణ్యమా అని, ఆ సీడీ కొన్నవాడికీ దాన్ని పూర్తిగా విన్నవాడికీ మధ్య తేడా వచ్చింది. టీనేజ్‌లో అలాంటి తేడా చాలా పెద్దది.

సీడీ అట్ట లోపల చిన్న అక్షరాల్లో ఉండే పేర్ల వరస దీనికన్నా మంచి దారి చూపించింది. నైన్ ఇంచ్ నెయిల్స్ పాటలను కాయిల్ అనే బ్రిటిష్ బృందం పలుమార్లు రీమిక్స్ చేసింది, అంటే విడదీసి కొత్తగా కూర్చింది. ఆ కాయిల్‌లో ఉన్న పీటర్ క్రిస్టఫర్సన్, థ్రాబింగ్ గ్రిసిల్ నలుగురిలో ఒకడు. మార్చ్ ఆఫ్ ది పిగ్స్ వీడియోకు దర్శకుడు కూడా అతనే. అంటే 1994లో అమెరికాలో ఏదో చిన్న ఊళ్లో రీమిక్స్ సీడీ కొన్న పదహారేళ్ల పిల్ల, అట్ట మీది ఒక్క పేరును పట్టుకుని పద్దెనిమిదేళ్లు వెనక్కి, ఈ సంగీతం పుట్టిన చోటికే నేరుగా వెళ్లగలదు. 1995లో రెజ్నర్, బోవీ కలిసి యాత్ర చేశారు. నైన్ ఇంచ్ నెయిల్స్ కోసం వచ్చిన పిల్లల్లో చాలామంది బోవీ పాడటం మొదలుపెట్టాక లేచి వెళ్లిపోయారన్నది నిజం. కానీ రెండు బృందాలూ ఒకే వేదిక మీద కలిసి వాయించిన ఆ కాసేపు ఉండిపోయినవాళ్లకు, తమ అభిమాన గాయకుడు ఎవరి ముందు తల వంచుతాడో కళ్లారా కనబడింది. ప్రాచుర్యంలోకి వచ్చిన బ్యాండ్ వల్ల ఆ సంగీతం పలుచనవుతుందని కొందరు పాత అభిమానులు అంటారు. ఈ ఒక్క విషయంలో వాళ్లతో నేను ఏకీభవించను. వెనక్కి వెళ్లే దారిని అట్ట మీదే రాసిపెట్టిన బ్యాండ్ మూలాలను పలుచన చేయదు, వాటికి శ్రోతలను తెచ్చిపెడుతుంది.

పెద్దల భయాన్ని పక్కన పెట్టి ఈ చర్చ పూర్తికాదు. 1995లో అమెరికాలో ఉద్యమకారిణి సి. డెలోరిస్ టక్కర్, మాజీ మంత్రి విలియం బెనెట్ పాటల్లోని మాటల మీద పెద్ద ప్రచారమే నడిపారు. ఆ ఒత్తిడిలో టైమ్ వార్నర్ సంస్థ ఇంటర్‌స్కోప్ రికార్డ్స్‌లో తనకున్న వాటాను వదులుకుంది. నైన్ ఇంచ్ నెయిల్స్ రికార్డులు ఆ ఇంటర్‌స్కోప్ నీడలోనివే. 1999 ఏప్రిల్‌లో కొలంబైన్ పాఠశాలలో కాల్పులు జరిగినప్పుడు, హంతకులు కేఎమ్‌ఎఫ్‌డీఎమ్, రామ్‌స్టైన్ అనే జర్మన్ బృందాల పాటలు వినేవారన్న సంగతి బయటికొచ్చి, ఈ కోవ సంగీతం మొత్తం బోనెక్కింది. ఆ రోజుల్లో నల్ల చొక్కా వేసుకుని బడికి వెళ్లిన ఏ పాపమూ ఎరుగని పిల్లలను కూడా అనుమానంగా చూశారు. ది డౌన్‌వర్డ్ స్పైరల్ ఒక మనిషి తనను తాను కొంచెం కొంచెంగా నాశనం చేసుకునే కథ. అది తేలికైన వినికిడి కాదు. ఇంట్లో పిల్లలు దాన్ని రాత్రింబవళ్లు వింటుంటే తల్లిదండ్రులు ఒకసారి పక్కన కూర్చుని, అందులో నీకు వినబడేదేమిటని అడగడం మంచిదనే నేనంటాను. సీడీ లాక్కోవడం వేరు, అడగడం వేరు. నిజంగా కుంగిపోయిన పిల్లలకు కావలసింది మనుషుల సాయం. పాట ఆ సాయానికి ప్రత్యామ్నాయం కాదు, ఆ కుంగుబాటుకు మూలకారణమూ కాదు. రెజ్నర్ తానే మద్యం, మత్తుపదార్థాల ఊబిలో కూరుకుపోయి, 2001లో చికిత్స తీసుకుని బయటపడ్డాడు. పాడిన మనిషి ఆ కథ చివరిదాకా పోకుండా వెనక్కి వచ్చాడని అభిమానులకు తెలియడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

ఆ ఆల్బమ్‌లోని చివరి పాట హర్ట్ తర్వాత ఎంత దూరం వెళ్లిందో అందరికీ తెలుసు. 2002లో అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ డెబ్బయ్యేళ్ల వయసులో దాన్ని పాడాడు. క్లోజర్ వీడియో తీసిన మార్క్ రొమానెక్కే దీని వీడియోకూ దర్శకత్వం వహించాడు. ఇరవయ్యేడు ఎనిమిదేళ్ల కుర్రవాడు రాసిన మాటలు అక్షరం పెద్దగా మారకుండానే వృద్ధుడి నోట అతని సొంత మాటల్లా వినబడ్డాయి. అది చూశాక ఆ పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నర్ చెప్పుకున్నాడు. టీనేజ్ ఏడుపు అని ఈ సంగీతాన్ని కొట్టిపారేసినవాళ్లకు ఇంతకన్నా గట్టి సమాధానం నాకు తెలియదు. ఆ తర్వాత రాస్‌తో కలిసి ది సోషల్ నెట్‌వర్క్ సినిమాకు, జాన్ బాటిస్ట్ కూడా తోడై పిక్సార్ సంస్థ తీసిన యానిమేషన్ సినిమా సోల్‌కు చేసిన సంగీతానికి ఆస్కార్లు వచ్చాయి. 1994లో గదిలో తలుపు వేసుకుని విన్న పిల్లలు తమ పిల్లలతో కలిసి ఆ సినిమా చూస్తూ అదే మనిషి సంగీతం విన్నారు.

ఇవాళ్టి టీనేజ్ పిల్లలకు దారులు మారాయి. 2008లో రెజ్నర్ గోస్ట్స్ అనే వాద్య సంగీతపు సంకలనాన్ని, కొన్ని షరతుల మేరకు ఇతరులు ఉచితంగా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేశాడు. అందులోని ఒక చిన్న తీగ వాద్యపు ముక్క 2019లో లిల్ నాస్ ఎక్స్ పాట ఓల్డ్ టౌన్ రోడ్‌కు పునాది అయింది. ఆ పాట అమెరికా చార్టులో వరసగా 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. రచయితల జాబితాలో రెజ్నర్, రాస్ పేర్లు చూసి ఆరా తీసిన పిల్లలకు అది కొత్త అట్ట లోపలి పేరు. స్ట్రీమింగ్‌లో అట్ట లేదు, హేలో అంకె వరసగా కనబడదు, 91 నిశ్శబ్దపు ట్రాకులను ఓపికగా దాటే అవసరమూ లేదు. యాప్ తనంతట తానే తర్వాతి పాట పెడుతుంది గానీ, ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారో చెప్పదు. వెతికి తెలుసుకోవాలన్న పట్టుదల ఉంటే మాత్రం ఆ సమాచారమంతా ఇప్పుడు వేళ్ల చివరే ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇది. ప్రెటీ హేట్ మెషిన్‌తో మొదలుపెట్టండి. వరసలు సులువుగా పట్టుబడతాయి. ఆ తర్వాత ది డౌన్‌వర్డ్ స్పైరల్‌ను మంచి హెడ్‌ఫోన్లలో, మొదటి పాట నుంచి చివరిదాకా, వరస మార్చకుండా ఒకే విడతలో వినండి. మనసు బాగాలేని రోజున కాకుండా, కుదురుగా ఉన్న రోజున వినండి. అది నచ్చితే 1999 నాటి ది ఫ్రాజైల్‌లో పియానోకు, రొదకు కుదిరిన సఖ్యత మీకు ఇంకా నచ్చుతుంది. అక్కడి నుంచి మినిస్ట్రీ, స్కిన్నీ పపీ. వాటి వెనక కాయిల్. థ్రాబింగ్ గ్రిసిల్ దగ్గరికి వెళ్లేటప్పుడు 1979 నాటి 20 జాజ్ ఫంక్ గ్రేట్స్‌తో వెళ్లండి. పేరు చూసి జాజ్ ఉంటుందని ఆశపడకండి గానీ, వాళ్ల రికార్డుల్లో మొదటి విడతలోనే చెవికి కాస్త చోటిచ్చేది అదే.